కల్చర్ రిపోర్టు నిండా ‘ఆర్’లే: నాన్న ఐసీయూ రోజులు

నాన్న స్కూటర్ మీంచి పడ్డారు. తలలో రక్తం గడ్డకడితే విజయవాడలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తీసేశారు. స్కాన్ బాగుందన్నారు. స్పృహ మాత్రం పూర్తిగా రాలేదు, కఫం సొంతంగా తీసుకోలేకపోతున్నారు, అందుకని వెంటిలేటర్ మీదే ఉంచారు. నెమ్మదిగా కోలుకుంటారు, టైమ్ పడుతుంది అన్నారు. ఇంటికెప్పుడు పంపిస్తారని అమ్మ అడగడం కూడా మొదలుపెట్టింది. ఆ తర్వాత మేం ఐసీయూ బయట కుర్చీల్లో గడిపిన కాలమంతా ఆ తల దెబ్బ కోసం కాదు, ఐసీయూలో పట్టుకున్న ఒక బ్యాక్టీరియా కోసం.

ఆసుపత్రి పేరు రాయను. ఏ పెద్ద ఐసీయూలోనైనా ఇది ఉండేదేనని తర్వాత తెలిసింది. తెలిసిందంతా ముందే ఎవరైనా చెప్పి ఉంటే, డాక్టర్లు రోజూ ఇంటివాళ్లని పిలిచి పరిస్థితి చెప్పే కౌన్సిలింగ్‌లో కాస్త పనికొచ్చే ప్రశ్నలు అడిగేదాన్ని, అందుకే రాస్తున్నాను.

రెండో వారంలో ఒక సాయంత్రం నాన్నకి చలితో జ్వరం వచ్చింది. బీపీ పడిపోయింది. డ్యూటీ డాక్టర్ వచ్చి బీపీ నిలబెట్టే మందు పెట్టాం, రక్తం కల్చర్‌కి పంపాం, మెరోపెనమ్ మొదలుపెడుతున్నాం అని చెప్పి, నా చేత ఒక కాగితం మీద సంతకం తీసుకున్నాడు. మెరోపెనమ్ అంటే స్ట్రాంగ్ యాంటీబయాటిక్ అని పక్క కుర్చీలో ఉన్న గుంటూరు ఆయన చెప్పాడు. వాళ్లావిడకీ అదే వాడుతున్నారట. ఐసీయూ బయట హాలు ఒక యూనివర్సిటీ. అక్కడ కూర్చున్నవాళ్లకి ఇంగ్లీషు రాకపోయినా పైపరాసిలిన్, టీకోప్లానిన్ అని తడుముకోకుండా పలుకుతారు.

కల్చర్ రిపోర్టు ఎందుకు ఆలస్యమవుతుందో నాకు అంతకుముందు తెలియదు. రక్తాన్ని సీసాల్లో పోసి మెషిన్‌లో పెడతారు. అందులో బ్యాక్టీరియా పెరిగితే మెషిన్ కూత పెడుతుంది. అప్పుడు ఒక చుక్క తీసి రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసి, ఏ జాతో ఒక అంచనా చెబుతారు. పేరు తేలడానికి ఇంకో రోజు, ఏ మందు పనిచేస్తుందో తేలడానికి ఆ పై రోజు. ఈలోగా ఇచ్చేదంతా డాక్టర్ల అనుభవంతో వేసిన లెక్కే. మెరోపెనమ్ పనిచేయాల్సిందే, చాలాసార్లు చేస్తుంది. నాన్నకి చేయలేదు. మర్నాటికీ బీపీ మందు డోసు తగ్గలేదు, పైగా పెంచారు.

నాన్న దగ్గర రక్తం రెండు చోట్ల నుంచి తీశారు. ఒకటి చేతి నరం నుంచి, ఇంకోటి మెడలో పెద్ద నరంలోకి పెట్టిన సెంట్రల్ లైన్ అనే గొట్టం నుంచి. రెండు సీసాల్లోనూ ఒకటే బ్యాక్టీరియా పెరిగింది. కానీ లైన్ నుంచి తీసిన సీసా రెండు గంటలకు పైగా ముందే కూసింది. అంటే లైన్‌లోనే ఎక్కువ ఉందన్నమాట, అక్కడి నుంచే రక్తంలోకి వస్తోందన్నమాట. ఇది మాకు చెప్పింది ఇన్ఫెక్షన్ డాక్టర్ గారు. వారంలో కొన్ని రోజులే వస్తారాయన. వచ్చీ రాగానే మందుల చీటీ చూడలేదు, నాన్న మంచం చుట్టూ తిరిగి గొట్టాలు లెక్కపెట్టారు. గొంతు దగ్గర రంధ్రం చేసి పెట్టిన ట్రాకియాస్టమీ గొట్టం, ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబ్, మెడలో సెంట్రల్ లైన్, మణికట్టులో ఆర్టరీ లైన్, మూత్రానికి పైపు.

“ఇన్ని దారులు తెరిచి పెట్టాం కదమ్మా, ఏదో ఒక దాన్నుంచి వస్తుంది” అన్నారు. ఆ రోజే మెడలో లైన్ తీయించి వేరే చోట కొత్తది పెట్టించారు. మూత్రం పైపు తీసి, లోపలికి వెళ్లకుండా పైన తొడిగే కండోమ్ కాథెటర్ వేయించారు. మణికట్టుది కూడా తీయించారు.

అప్పటికి నాకు అది చిన్న పనిలా అనిపించింది. నా దృష్టంతా మందు మీదే ఉంది. తమ్ముడు డల్లాస్ నుంచి ఫోన్ చేసి ప్రతిసారీ “వాళ్ల దగ్గరున్న హయ్యెస్ట్ యాంటీబయాటిక్ ఇస్తున్నారా అని అడుగక్కా” అనేవాడు. నేనూ అదే అడిగేదాన్ని.

రిపోర్టు చేతికొచ్చింది. ఒకటే పేజీ. పైన క్లెబ్సియెల్లా న్యుమోనియే అని బ్యాక్టీరియా పేరు. ఎడమవైపు వరసగా మందులు, మధ్యలో బ్యాక్టీరియాని ఆపడానికి ఆ మందు ఎంత కావాలో చెప్పే అంకెలు, కుడివైపు చివర ఒక్కో అక్షరం. ఎస్ అంటే మందు పనిచేస్తుంది, ఆర్ అంటే చేయదు. మెరోపెనమ్ 16 లేదా అంతకంటే ఎక్కువ, ఆర్. అమికాసిన్ 64 లేదా అంతకంటే ఎక్కువ, ఆర్. సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్, పైపరాసిలిన్ ఆర్. పేజీ కింద దాకా వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను. చివర్లో కోలిస్టిన్ దగ్గర 0.5, దాని పక్కన ఐ. అంటే మధ్యరకం. హమ్మయ్య, ఒకటైనా దొరికింది కానీ ఎస్ ఎందుకు కాలేదని డాక్టర్ గారిని అడిగాను. కోలిస్టిన్‌కి ఎస్ అని ఇవ్వడమే మానేశారట. ల్యాబుల ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ ఒకటుంది, సీఎల్ఎస్ఐ అని. 2020లో ఆ మందుకి ఎస్ అనే గడినే తీసేసింది. ల్యాబ్‌లో బ్యాక్టీరియాని ఆపే మోతాదుకీ, మనిషి కిడ్నీలు తట్టుకునే మోతాదుకీ మధ్య తేడా అంత తక్కువ.

అంకె చిన్నదిగా ఉంటే మంచి మందు అని కూడా అనుకోకూడదు. ఒక్కో మందుకి కొలత వేరు. ఆ అంకెల్ని పక్క గడిలో అంకెలతో పోల్చి ఇది బెస్టు అనుకుంటాం మనం. హాల్లో అందరం అదే చేసేవాళ్లం.

రెండో కాగితం జన్యు పరీక్షది. అది గంటల్లోనే వచ్చేసింది. ఎన్‌డీఎం పాజిటివ్, ఆక్సా 48 పాజిటివ్. ఆక్సా 48 లాగే ఎన్‌డీఎం కూడా మెరోపెనమ్ లాంటి మందుల్ని ముక్కలు చేసే ఎంజైమ్. 2008లో స్వీడన్‌లో భారత సంతతి రోగి ఒకరిలో దీన్ని మొదట కనుక్కున్నారు. అతను అంతకుముందు ఢిల్లీలో ఆసుపత్రిలో చికిత్స చేయించుకున్నాడు. అందుకే దాని పేరులో ఎన్‌డీ, అంటే న్యూఢిల్లీ ఉంది. ఆ పేరు మీద అప్పట్లో మన ప్రభుత్వం గట్టిగానే అభ్యంతరం చెప్పింది. పేరు ఎవరిదైతేనేం, అది ఇప్పుడు మా నాన్న రక్తంలో ఉంది.

ఈ ఎంజైమ్‌ని తయారుచేయించే జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి పక్క బ్యాక్టీరియాకి చేతులు మారుతుంది. దాంతోపాటు ఇంకో నాలుగు మందుల్ని తట్టుకునే జన్యువులు కూడా మూటగా వెళ్తాయి. అందుకే ఆ పేజీలో ఒకటీ రెండూ కాదు, దాదాపు అన్నీ ఆర్‌లే.

కోలిస్టిన్ మొదలైంది. సాయంత్రం విజిటింగ్ టైమ్‌లో తణుకు నుంచి బాబాయి వచ్చాడు. కోళ్ల ఫారం ఉంది ఆయనకి. మందు పేరు చెప్పగానే అదోలా చూశాడు. “కోలిస్టినా? అది మా కోళ్ల మేతలో కలిపేవాళ్లం కదే! బరువు బాగా వస్తాయని కంపెనీ వాళ్లే పట్టుకొచ్చి ఇచ్చేవాళ్లు.” అబద్ధం కాదు. మనుషులకి ఆఖరి మందుగా దాచుకున్నదాన్ని మన దేశంలో 2019 జులై దాకా కోళ్లకీ, చేపలకీ వాడుకోనిచ్చారు. అప్పుడు కేంద్రం నిషేధించింది. నేను ఏదో అనబోతే బాబాయికి కోపం వచ్చింది. “ఏం జరిగినా రైతు మీదే పడతారు. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల నీళ్లు ఎక్కడికి పోతున్నాయో అడగరేం?” అన్నాడు. అదీ నిజమే. పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు రాశారు. శుద్ధి చేశాక వదిలిన నీళ్లలో ఆ మాత్రం మందు! అమ్మ మా ఇద్దర్నీ కసిరి, ఇప్పుడు ఆ గోలెందుకంది.

కోలిస్టిన్ పాత మందు. 1940ల చివర్లో జపాన్‌లో కనుక్కున్నారు. కిడ్నీలకి దెబ్బ అని తర్వాత దాదాపు పక్కన పెట్టేశారు. మిగతావి పనిచేయడం మానేశాక దుమ్ము దులిపి మళ్లీ తీశారు. పాత దోషం దానికి అలాగే ఉంది. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ నాన్నకి రోజూ కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చింది. పొద్దున్నే సిస్టర్‌ని అడిగే మొదటి ప్రశ్న అదే అయిపోయింది, జ్వరం ఎంత అని అడగడం కూడా మర్చిపోయేవాళ్లం. డయాలసిస్ అవసరం పడొచ్చు అని కౌన్సిలింగ్‌లో చెప్పిన రోజు అమ్మ అక్కడే నేల మీద కూలబడింది.

అప్పుడు వచ్చింది మందు మార్చే మాట. సెఫ్టజిడిమ్-అవిబాక్టమ్ అని కొత్త మందు, దానితోపాటు అజ్‌ట్రియోనమ్ అనే పాత మందు, రెండూ కలిపి ఇవ్వాలి. ఎందుకు కలిపి అంటే, ఎన్‌డీఎం అజ్‌ట్రియోనమ్‌ని ఏమీ చేయలేదు. కానీ అదే బ్యాక్టీరియాలో ఉండే వేరే ఎంజైమ్‌లు దాన్ని పాడుచేస్తాయి. ఆ వేరే ఎంజైమ్‌ల నోరు కట్టేసేది అవిబాక్టమ్. పాపం అవిబాక్టమ్‌కి ఎన్‌డీఎం మీద ఏ బలమూ లేదు. విడివిడిగా రెండూ దండగ, కలిస్తే పనిచేస్తాయి.

మైక్రోబయాలజీ మేడమ్ దీన్ని ఫోన్‌లో ఫోటో చూపించి చెప్పారు. గుండ్రటి ప్లేటు నిండా బ్యాక్టీరియా మీగడ తెట్టులా పరుచుకుని ఉంది. దాని మీద మందు అద్దిన రెండు చిన్న కాగితపు బిళ్లలు పక్కపక్కన. ఒక బిళ్ల చుట్టూ తెట్టు అలాగే ఉంది, రెండోదాని చుట్టూ కూడా అంతే. రెండు బిళ్లలకీ మధ్యలో మాత్రం శుభ్రంగా గాజు కనిపిస్తోంది. అక్కడ ఏమీ పెరగలేదు. “ఇదిగో, ఈ ఖాళీ కోసమే మీరు డబ్బు పెట్టేది” అన్నారు మేడమ్ నవ్వుతూ. డాక్టర్లు చెప్పిన మాటల్లో నాకు పూర్తిగా అర్థమైంది ఆ ఒక్క ఫోటోనే.

డబ్బు సంగతి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. రెండు మందులూ కలిపి ఒక రోజుకయ్యే ఖర్చు మా ఇంట్లో నెల ఖర్చుని దాటిపోయింది. ఇన్సూరెన్స్ పరిమితి అప్పటికే అయిపోయింది. అజ్‌ట్రియోనమ్ ఆసుపత్రి ఫార్మసీలో అయిపోతే సూర్యారావుపేటలో ఏజెన్సీల చుట్టూ తిరిగాం. మొదటే ఇది ఎందుకు ఇవ్వలేదని తమ్ముడు ఫోన్‌లో అరిచాడు. డాక్టర్ గారు దాచుకోకుండా చెప్పారు. పుస్తకం ప్రకారం అయితే మొదట ఇదే ఇవ్వాలి, కానీ ఎన్ని కుటుంబాలు భరిస్తాయి, కోలిస్టిన్‌తో నెగ్గుకొచ్చినవాళ్లూ చాలామంది ఉన్నారు అని. ఆ జవాబు నాకు నచ్చలేదు. తప్పని కూడా అనలేను. ఖర్చు విషయం మాత్రం మొదటి రోజే మా ముందు పెట్టి ఉండాల్సింది, బంగారం తాకట్టు పెట్టుకుంటామో లేదో మేం తేల్చుకునేవాళ్లం.

ఇన్ని మందుల గొడవలో నేను పట్టించుకోనిది ఒకటుంది. నాన్న మంచాన్ని మూలనున్న గదిలోకి మార్చారు. తలుపు మీద పసుపు బోర్డు. లోపలికెళ్లే ప్రతివాళ్లూ గౌను, గ్లవ్స్. స్టెతస్కోప్, బీపీ పట్టీ నాన్నకి విడిగా. డాక్టర్లు రౌండ్స్‌లో నాన్న దగ్గరికి ఆఖర్న వచ్చేవాళ్లు. అమ్మకిది అవమానంగా తోచింది, అంటరానివాళ్లలా చూస్తున్నారని.

ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ అని ఒకావిడ ఉండేవారు. యాభై దాటి ఉంటాయి, కేరళ ఆవిడ, తెలుగు బాగా వచ్చు. ఆవిడే అమ్మని కూర్చోబెట్టి చెప్పారు. “అమ్మగారూ, ఇది గాల్లో ఎగిరి రాదు. చేతుల మీద వస్తుంది. నా చేతులు కావచ్చు, డాక్టర్ చేతులు కావచ్చు. మీరు ఆయన చెయ్యి పట్టుకోవచ్చు, నుదురు నిమరొచ్చు. ముట్టుకునే ముందు ఒకసారి, ముట్టుకున్నాక ఒకసారి ఇది రుద్దుకోండి, చాలు.” మంచం కొసకి వేలాడుతున్న సీసా చూపించారు. గ్లవ్స్ వేసుకుంటే రుద్దుకోనక్కర్లేదు కదా అంది అమ్మ. గ్లవ్స్ తీసేటప్పుడే చేతికంటుతుందన్నారు ఆవిడ.

ఆ తర్వాత నేను గాజు తలుపు బయట నిలబడి చూడడం మొదలుపెట్టాను. చాలావరకు పద్ధతిగానే చేసేవాళ్లు. రాత్రి డ్యూటీలో ముగ్గురు వెంటిలేటర్ పేషెంట్లకి ఒకే సిస్టర్ ఉన్నప్పుడు, ఒకచోట అలారం మోగుతుండగా ఇంకోచోట సక్షన్ చేస్తున్నప్పుడు, ఆ సీసా దగ్గరికి చెయ్యి వెళ్లేది కాదు. ఆ పిల్ల నిర్లక్ష్యం అందామా అంటే, ఇరవై రెండేళ్లుంటాయేమో, మంచినీళ్లు తాగడానికి కూడా ఆగలేదు. సక్షన్ చేసిన చెయ్యితోనే మానిటర్ బటన్ నొక్కేది. అదే బటన్ తర్వాత టెక్నీషియన్ నొక్కేవాడు. నాన్న లైన్‌లోకి అది ఎలా చేరిందో ఎవరూ రుజువు చేయలేరు, కానీ ఆ బటన్ నాకు గుర్తుండిపోయింది. మనుషుల్ని తక్కువ పెట్టుకుని, గోడల నిండా చేతులు కడుక్కోండి అని పోస్టర్లు పెడితే ఏం లాభం?

గుంటూరు ఆయన భార్య పోయారు. ఆవిడదీ క్లెబ్సియెల్లానే అని విన్నాం. ఇలా మందులకి లొంగని బ్యాక్టీరియాల వల్లే నేరుగా పోయినవాళ్లు 2019 ఒక్క ఏడాదే ప్రపంచంలో 12.7 లక్షల మంది అని లాన్సెట్ పత్రికలో లెక్క వేశారు. ఆయన బిల్లు కౌంటర్ దగ్గర నిలబడి, “మా ఆవిడకి గుండె జబ్బు కదా, సర్టిఫికెట్‌లో అదే రాశారు” అన్నాడు. అన్నిచోట్లా అలాగే రాస్తే లెక్కలు ఎక్కడ తేలతాయి అనిపించింది నాకు.

కొత్త మందులు మొదలయ్యాక జ్వరం తగ్గింది, బీపీ మందు మెల్లగా ఆపేశారు. క్రియాటినిన్ పెరగడం ఆగి కిందికి దిగింది, డయాలసిస్ దాకా రాలేదు. మళ్లీ తీసిన రక్తంలో ఏమీ పెరగలేదు. తగ్గించింది ఏ మందు అని అడిగితే డాక్టర్ గారు వెంటనే జవాబు చెప్పలేదు. “ముందు లైన్ తీసేశాం చూడమ్మా, అది ఉండగా ఏ మందు ఇచ్చినా మనం కింద నీళ్లు తుడుస్తూ పైన కుళాయి తిప్పినట్టే” అన్నారు. అప్పట్నుంచి నేను కౌన్సిలింగ్‌లో అడిగే ప్రశ్న మారింది. హయ్యెస్ట్ యాంటీబయాటిక్ మాట మానేశాను. ఈ రైల్స్ ట్యూబ్ ఇంకా కావాలా? ఈ కొత్త లైన్ ఎప్పుడు తీస్తారు? చిన్న డాక్టర్లు మొదట విసుక్కున్నారు. తర్వాత నేను కనపడగానే వాళ్లే, “మేడమ్, లైన్ రేపు తీసేస్తున్నాం” అని చెప్పేవాళ్లు.

మధ్యలో ఇంకో చిక్కు. గొంతు గొట్టంలోంచి తీసిన కఫం కల్చర్‌లో అసినెటోబాక్టర్ అని వేరే బ్యాక్టీరియా వచ్చింది. అదీ నిండా ఆర్‌లే. మేం హడలిపోయాం. డాక్టర్ గారు దానికి ఏ మందూ ఇవ్వనన్నారు. జ్వరం లేదు, ఎక్స్‌రేలో కొత్త మచ్చ లేదు, ఆక్సిజన్ పెంచాల్సిన అవసరం రాలేదు. అది అక్కడ కాపురం పెట్టింది గానీ జబ్బు చేయడం లేదు, మందు ఇస్తే దానికంటే మొండిది వస్తుందన్నారు. పరీక్షలో బ్యాక్టీరియా కనపడ్డా మందు ఇవ్వని డాక్టర్‌ని నమ్మడం చాలా కష్టం. తమ్ముడైతే సెకండ్ ఒపీనియన్ అన్నాడు. కానీ ఆయన మాటే నిలబడింది. దానికి ఏ మందూ వాడకుండానే నాన్నని వెంటిలేటర్ నుంచి తప్పించారు.

ఇంటికి పంపేముందు మలద్వారం దగ్గర స్వాబ్ తీశారు. క్లెబ్సియెల్లా పేగుల్లో ఇంకా ఉంది. నెలల తరబడి అలా ఉండొచ్చట. ఇంట్లో గౌన్లూ గ్లవ్స్ అక్కర్లేదు, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు, మనవళ్లు దగ్గరికి రావొచ్చు అన్నారు. పేగుల్లో ఉన్నదానికి మందు లేదు, వాడకూడదు. వేరే ఏ ఆసుపత్రికి వెళ్లినా అడ్మిషన్‌కి ముందే ఈ సంగతి చెప్పాలి, ఆ రిపోర్టు కాపీ చూపించాలి అని కేరళ సిస్టర్ రెండుసార్లు చెప్పారు.

ఆ మధ్య హెర్నియా ఆపరేషన్‌కి నాన్నని ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లాం. అప్పటికి నాన్న కర్ర పట్టుకుని నడుస్తున్నారు, పేపర్ చదువుతున్నారు, మాట కాస్త నెమ్మది. అడ్మిషన్ కౌంటర్‌లో అమ్మాయికి రిపోర్టు ఇస్తే తిప్పి తిప్పి చూసి, “ఇది పాతది కదా మేడమ్, కొత్త బ్లడ్ టెస్టులు ఇవ్వండి” అంది. మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లని పిలవండి అన్నాను. కాసేపటికి ఒక సిస్టర్ వచ్చి, కాగితం చూడగానే విషయం అర్థం చేసుకుని, షేరింగ్ రూమ్ రద్దు చేసి విడి గది ఇప్పించింది. నాన్న, “నా వల్ల పక్క మంచం వాడికి రాకూడదు కదమ్మా, ఇవ్వనీ” అన్నారు. గది తేడా అద్దె మాత్రం మా బిల్లులోనే వేశారు. అది పేషెంట్ కోరుకున్న సౌకర్యం కాదు, ఆసుపత్రి జాగ్రత్త అని ఇన్సూరెన్స్ కంపెనీకి రాశాను. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం.